తడక లేని ఇసుక గోడ

మే నెలలో ఒక సోమవారం, ఉదయం ఐదూ నలభైకి మా ట్రక్కు ఆగింది. పశ్చిమ రాజస్థాన్. మ్యాపులో అక్కడ నది ఉంది. దిగి చూస్తే తెల్లటి ఇసుక, గట్టు వెంబడి ముళ్లపొదలు. ఏడాదికి నాలుగైదు రోజులు పారి, మళ్లీ మాయమయ్యే నది. దాని పక్కన, వరద వచ్చినప్పుడు మునిగే చదును నేల మాకిచ్చిన చోటు. పదకొండు మందిమి, మూడు గుడారాలు, రెండు నీళ్ల ట్యాంకులు, ఒక వైర్‌లెస్ సెట్టు. తొమ్మిది గంటలకే ఇనుప పెట్టెల మీద చెయ్యి పెట్టలేకపోయాం.

ఫౌజు నుంచి వచ్చాక, ఇక్కడ మా గనివాళ్ల సెంటినరీ కాలనీలో చాయ్ దగ్గర కలిసినవాళ్లంతా అడిగేది ఒకటే, శత్రువును చూశావా అని. నేను చూడలేదు. నేను చూసింది ఇసుకను. నా భయమంతా దాని దగ్గరే ఉంది. వినడానికి ఇది అంత గొప్పగా ఉండదు కాబట్టి మాట మార్చేస్తుంటాను.

హుకుం ఇది: శుక్రవారం సాయంత్రం నాలుగింటికి పెద్దాఫీసరు తనిఖీ. అప్పటికి ఏడడుగుల లోతున వైర్‌లెస్ బంకరు సిద్ధం కావాలి. గోడలకు ఆనించే రేకులు ఇంకా రాలేదు. వారం పడుతుందన్నారు. ఇసుక నేలలో రేకులు లేకుండా అంత లోతు తవ్వకూడదని మాకు నేర్పిన మొదటి పాఠం. మా పోస్టుకు పెద్ద సుబేదార్ సాబ్. పంజాబు రైతు బిడ్డ, ఒండ్రుమట్టి తప్ప మరో మట్టిని నమ్మని మనిషి. ఇసుక సంగతి ఎవరికి తెలుసని అడిగాడు. నేను చెయ్యెత్తాను.

ఎందుకెత్తానో చెప్పాలి. మా బాపు గనిలో స్టోయింగ్ పని చేశాడు. బొగ్గు తీసేసిన ఖాళీల్లోకి గోదావరి ఇసుకను నీళ్లతో కలిపి గొట్టాల్లో పంపిస్తారు. నీళ్లు బయటికి పోతాయి, ఇసుక బిగుసుకుంటుంది, పైకప్పును మోస్తుంది. తడిపిన ఇసుక బండ అవుతుందని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాను. విన్నదాన్నే చదువనుకున్నాను. రేకులు వచ్చేదాకా గోడలను రోజూ తడుపుదాం సాబ్, మా గనుల్లో భూమినే మోస్తుంది ఇసుక అన్నాను. ఆయన నా ముఖం చూసి, నా హోదాతోనే పిలిచి, సరే నాయక్, బాధ్యత నీదే అన్నాడు. ఛాతీ ఉబ్బించుకుని సెల్యూట్ కొట్టాను.

తవ్వుతుంటే ఆ నేల పొరలు పొరలుగా తెరుచుకుంది. పైన నాలుగు వేళ్ల మందాన బూడిదరంగు పెచ్చు. పారతో కొడితే పెంకులా విరిగింది. దాని కింద మూడడుగులు సన్నటి ఇసుక, మధ్యమధ్య తెల్లటి ఉప్పు చారలు. ఆ కింద రెండు వేళ్ల మందాన గోధుమరంగు బంకమన్ను. ఆ కింద మళ్లీ ఇసుక, కానీ గరుకుగా, గులకరాళ్లతో. ఒక్కో వరద ఒక్కో పొర వదిలిపోయిందన్నమాట. గోడలు కత్తితో కోసినట్టు నిటారుగా నిలబడ్డాయి. ఇసుక తిన్నెల్లో పనిచేసి వచ్చిన జవాన్లు కూడా మెచ్చుకున్నారు.

రోజూ సాయంత్రం ఆరింటికి గోడ అంచు వెంబడి పన్నెండు బకెట్లు పోయించాను. అవి మా స్నానాల నీళ్లు. తిట్టుకుంటూనే పోశారు. బకెట్ వంచిన చోట నీళ్లు నిలిచేవి కావు, పోసీపోయకముందే ఇంకిపోయేవి. తెల్లారి అంచును గోకితే జానెడు లోతు దాకా పొడి. ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోతున్నాయన్న ఆలోచన నాకు మూడు రోజులు రాలేదు.

గురువారం వచ్చింది. బంకర్లోకి దిగి చూస్తే బంకమన్ను పొర మెరుస్తోంది. చెమట పట్టినట్టు సన్నటి తడి. వేలు పెడితే సబ్బులోకి దిగినట్టు దిగింది. పై నుంచి దిగిన నీళ్లన్నీ అక్కడ ఆగి కూర్చున్నాయి. వేలు తుడుచుకుని ఎవరికీ చెప్పకుండా పైకి వచ్చాను.

మా వైర్‌లెస్ ఆపరేటర్ కూడా ఆ తడిని చూశాడు. మా గనుల వైపే, నస్పూర్ కుర్రాడు, వాళ్ల నాయనదీ గనిలో డ్యూటీయే. ఆ పదకొండు మందిలో నాతో తెలుగు మాట్లాడేవాడు అతనొక్కడే. కప్పుగా దుంగలు, ఇసుక బస్తాలు పరిచేశాం. సెట్టు కింద పెట్టేశాం. రోజుకు పదహారు గంటలు అందులో కూర్చోవలసింది అతనే.

"రేపు ట్యాంకర్ ఎంట పోతున్నవు గదన్నా. సిగ్నల్ దొరికితే మీ బాపును ఒక్కసారి అడుగు. నాకైతే గీ గోడను జూస్తే మనసొప్పుతలేదు" అన్నాడు.

అడుగుతానని మాటిచ్చాను.

శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి నీళ్ల ట్యాంకర్‌తో బయల్దేరాను. ఇరవై రెండు కిలోమీటర్ల అవతల మా ఫౌజీ కంపెనీ శిబిరం దగ్గర గానీ ఫోన్ పలకదు. పదకొండూ పదికి బాపు దొరికాడు. బాగున్నావా అంటే బాగున్నానన్నాను, తర్వాత గోడ సంగతంతా చెప్పాను. అంతా విని ఒకటే అడిగాడు.

"తడక ఏం కట్టిన్రు?"

తడక ఏమిటన్నాను.

"ఇసుకను నిలబెట్టేది నీళ్లు గాదు బిడ్డా, తడక. ఎదురుగ చెక్కలు కొట్టి, గోనెపట్టాలు కట్టి మూస్తం. నీళ్లు అండ్లకెల్లి బయటికి పోతయి, ఇసుక లోపల్నే ఉంటది. ఇరవై ఏండ్లు నేను జేసిన పని గదే. తడక లేకుంటే అది గోడనే గాదు. మనుషులుంటే బయటికి తియ్యి, జల్ది."

ఇరవై ఏళ్లు తండ్రి ఏ పని చేశాడో తెలియని కొడుకును నేను. ఇసుక సంగతి, నీళ్ల సంగతి విన్నాను, తడక సంగతి వినలేదు. ట్యాంకర్ నిండేసరికి ఒంటిగంట దాటింది, తిరుగు దారిలో ఇసుకలో నత్తలా నడిచింది. డ్రైవర్ ఏదో మాట్లాడుతున్నాడు, నేను ఒక్క ముక్కా వినలేదు.

మూడూ ఐదుకు పోస్టు చేరాను. సుబేదార్ సాబ్ గడ్డం గీసుకుని, ఉతికిన యూనిఫాంలో, దారి వెంట సున్నపు గీతలు వేయిస్తున్నాడు. ముగ్గురు జవాన్లు ఆయన వెనకే ఉన్నారు. వాళ్ల ముందు ఎట్లా చెప్పడం అనుకున్నాను. నాలుగింటికి ఆఫీసరు వస్తాడు, నాలుగున్నరకు పోతాడు. పోయాక సాబ్‌ను పక్కకు పిలిచి చెబుతాను. నాలుగు రోజులు నిలబడ్డ గోడ ఇంకో గంట నిలబడదా? ఇది నా లెక్క. సిగ్గుతో వేసిన లెక్క.

కాపలా గుంతలో ఫీల్డ్ ఫోన్ మోగితే నేనే ఎత్తాను. కింద బంకర్లోంచి ఆపరేటర్.

"ఏమన్నడన్నా మీ బాపు?"

కాస్త ఆగాను.

"మంచిగనే ఉంటదన్నడు."

"సరే అన్నా" అని పెట్టేశాడు.

మూడూ ఇరవైకి గోడ జారింది. పెద్ద శబ్దమేమీ రాలేదు, వడ్ల బస్తా విప్పి పోసినంత. నేను తల తిప్పేసరికి దుంగలు ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి, పైన దుమ్ము లేస్తోంది. బంకమన్ను పొర మీది నుంచి పై గోడ మొత్తం లోపలికి నడిచి వచ్చేసింది.

పారలు వాడితే మనిషికి తగులుతాయి. అన్నం పళ్లేలతో, చేతులతో తోడాం. తోడినంత ఇసుకా మళ్లీ జారుతోంది. ఎక్కడ తోడాలో తెలియక నేను పిచ్చివాడిలా అటూ ఇటూ పాకుతుంటే, ఇసుక లోపలి నుంచి సెట్టు పలికింది. దారిలో ఉన్న ఆఫీసరు జీపు మా పోస్టును పిలుస్తోంది, జవాబివ్వమంటోంది. ఆ గొంతు వచ్చిన వైపు తోడాను. దుంగ ఒకటి అడ్డంగా పడి అతని తల దగ్గర కొంత ఖాళీ వదిలింది. ముఖం తేలడానికి నాలుగు నిమిషాలు, మనిషిని పూర్తిగా బయటికి తీయడానికి యాభై నిమిషాలు పట్టింది. తుంటి, కుడికాలి ఎముకలు విరిగాయి. ఆఫీసరు జీపులోనే దవాఖానాకు పంపాం.

విచారణ జరిగింది. రేకులు అందలేదు, నేల వదులు అని రాశారు. నీళ్లు పోయించింది నేనేనని చెప్పాను. ఫోన్ సంగతి చెప్పలేదు. ప్రాణాలకు తెగించి తోడాడని నన్ను మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు విన్నప్పుడు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

కాలు పనికిరాదని ఆపరేటర్‌ను సర్వీసు నుంచి పంపేశారు. ఏడాది తర్వాత నా సర్వీసు కూడా ముగిసింది. రామగుండం స్టేషన్లో మధ్యాహ్నం రెండింటికి దిగాను, అదే ఎండ. బాపు ఆటో తెచ్చాడు. గోడ సంగతి ఆయన అడగలేదు, నేను ఎత్తలేదు.

నాలుగో రోజు నస్పూర్ వెళ్లాను. వాళ్ల క్వార్టర్ వరండాలో అతను కర్ర పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. వాళ్లమ్మ నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. ఈ చేతులే నా బిడ్డను తీసినయని అంది. జొన్నరొట్టె, కోడికూర పెట్టింది. ముక్కలన్నీ నా పళ్లెంలోనే వేసింది. ఆమె మంచినీళ్లకు లోపలికి పోగానే, తల వంచుకుని మొత్తం చెప్పేశాను. బాపు చెప్పిన మాట, నేను చెప్పిన అబద్ధం.

"ఎరుకే అన్నా" అన్నాడు. "సెట్టు మీద కూసునేటోనికి గొంతు ఎరుకగాదా. నువ్వు ఆగి చెప్పినవు."

మరి ఎందుకు బయటికి రాలేదని అడిగాను.

"సెట్టు ఇడ్సిపెట్టి రావద్దని ఆర్డరుండె. నువ్వొచ్చి పిలుస్తవని చూసిన."

తల్లి నీళ్లు తెచ్చింది. తాగాను. ఇంకో రొట్టె వేస్తే కాదనలేదు, అది కూడా తిన్నాను. బస్సు దాకా వస్తానని అతను కర్ర అందుకుంటే వద్దన్నాను.

గోడ జారిన రోజు అతని ముఖం తేలినప్పుడు దగ్గరగా ఉన్నది నేనొక్కణ్నే. ఏది ఇసుకో, ఏది ముఖమో తెలియలేదు. ముక్కు, పెదాలు, చెంపలు అన్నీ ఒకటే రంగు. ఇంకా ఎక్కడ తోడాలా అని చూస్తున్నాను. నా చేతికి బెత్తెడు దూరంలో ఇసుక రెండు చోట్ల చిట్లి, కళ్లు తెరుచుకున్నాయి. నన్ను చూశాయి.