నేను ఆర్పిన మంట

మొన్న మధ్యాహ్నం పప్పు ఏరుతూ కూర్చుంటే మా మనవరాలు ఫోన్ తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది. ఎక్కడో దూరదేశంలో అడవి తగలబడి ఊళ్ళ మీదికి వస్తోందట, మంటలార్పేవాళ్ళే గడ్డికి నిప్పు పెడుతున్నారు. "అమ్మమ్మా, గీళ్ళు పాగల్ అయిన్రా ఏంది?" అని అది పడీపడీ నవ్వింది గానీ నాకు నవ్వు రాలేదు. ఒకప్పుడు నేనూ అచ్చం అలాగే అనుకున్నాను.

పెళ్ళై భివండీ వచ్చిన కొత్తలో శాంతి నగర్‌లోని ఒక మరమగ్గాల కార్ఖానాలో నూలు కండెలు చుట్టేదాన్ని. నా పక్కన కూర్చుని చుట్టే ఆమె కొండమీది ఆదివాసీ గూడెం నుంచి రోజూ నడిచి వచ్చేది. ఆమె నన్ను తాయీ, అంటే అక్కా, అనేది, నేను చెల్లె అనేదాన్ని. ఆమెకు తెలుగు రాదు, నా మరాఠీ సంగతి దేవుడికే ఎరుక, అయినా మా ముచ్చట్లకు ఏనాడూ లోటు రాలేదు. కార్ఖానాలో మాకు మొదట నేర్పింది ఒకటే: దూది నుసి మీద నిప్పురవ్వ కనబడితే ఆలోచించకుండా తొక్కెయ్యాలి.

ఎండాకాలంలో ఒక శుక్రవారం, మగ్గాలకు సెలవు కదా అని, చెల్లె పిలిస్తే వాళ్ళ గూడేనికి పోయాను. అన్నం తిని కూర్చున్నామో లేదో కొండ అవతల ఎండుగడ్డి అంటుకుంది, గాలి మా వైపే వీస్తోంది. మగవాళ్ళు పచ్చికొమ్మలు విరుచుకుని అటు పరుగెత్తారు. చెల్లె తల్లి, నడుము వంగిన ముసలామె, కొరివి పట్టుకుని ఇళ్ళ ముందున్న గడ్డిని వరసగా కాల్చుకుంటూ చివరికి తన గుడిసె ముందుకు వచ్చింది. భయంతో మతి చెడిందనుకుని, కొరివి లాగేసి, కుండలో ఉన్న కాసిని నీళ్ళూ కుమ్మరించి, చెప్పులు కాలుతున్నా అక్కడ అప్పుడే అంటించిన మంటంతా తొక్కి ఆర్పేశాను. ఏదో ఘనకార్యం చేసినట్టు నిలబడితే చెల్లె తల బాదుకుంటూ వచ్చి చెప్పింది, ముందే కాలిన నేల మీద పెద్ద మంటకు తినడానికేమీ దొరకదని. అప్పటికే ఆలస్యమైంది. మిగతా ఇళ్ళన్నీ నిలిచాయి. నేను ఆర్పిన జాగాలోంచి దూరిన మంట ఆ ముసలామె గుడిసెను ఏడాది గింజలతో సహా బూడిద చేసింది.

తిట్టినా బాగుండేది. ఆ ముసలామె నా అరికాళ్ళ బొబ్బలకు ఏదో ఆకు నూరి కట్టింది. మగవాళ్ళు తిరిగొచ్చి ఇదొక్కటే ఎలా అంటుకుందని అడిగితే, నా వైపు చూడకుండా, గాలి మళ్ళిందని చెప్పింది. ఆ మాత్రం మరాఠీ నాకు అర్థమైంది.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆ కొండను సగం తవ్వేశారు, గూడెంవాళ్ళు కింద గోదాముల్లో హమాలీకి పోతున్నారు, ఇప్పుడు గడ్డి అంటుకుంటే వాళ్ళూ మనలాగే ఫోన్ చేసి ఫైరింజన్ కోసం ఎదురుచూస్తారట. గాలి చూసి నిప్పు పెట్టగలిగిన చేతులు ఇక లేవు. ఆ రోజు ఇంటికొచ్చి నేనూ గాలి మళ్ళిందనే చెప్పాను, ఇన్నేళ్ళూ అదే చెబుతూ వచ్చాను. ఆమె ఆ అబద్ధం నా కోసం ఆడింది. నేనూ నా కోసమే ఆడాను.