పంపకాల్లో వచ్చిన కారు

ఆయన పేరు అడగలేదు. డైరీలో ‘హెడ్‌లైటు ఆయన’ అని రాసుకున్నాను. శృంగవరపుకోట నుంచి విజయనగరం వచ్చే బస్సులో నా పక్కన, తువ్వాల్లో చుట్టిన హెడ్‌లైటు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వాళ్ల నాన్నగారి పాత కారుకట.

“బాగుచేస్తే నడుస్తుందా?” అన్నాను.

“ఎలా నడుస్తాది బాబూ? పంపకాల్లో ఇంజను అన్నయ్యకెళ్లింది, బాడీ నాకొచ్చింది. రంగేయించి, సీట్లు కుట్టించి కొత్తదాన్లా సేసినాను. ఇంజనిమ్మంటే, బాడీయే ఇమ్మంటాడు ఆడు.”

“ఈపాటికి ఇంజను తుప్పుపట్టి ఉంటుంది.”

“తుప్పేటి! ఆడూ బాగుసేయించినాడు. నాకు ఇనబడాలని రోజూ సాయంత్రం గోడవతల స్టార్టు సేస్తాడు.”

“మరి ఈ లైటెందుకు?”

ఆయన తువ్వాలుతో దాని అద్దం మెల్లగా తుడిచాడు.

“ఉన్న రెండిట్లో ఒకటి ఎలగట్లేదు బాబూ. సీకటి పడ్డాక బేటరీ తగిలించి ఆడి కిటికీలోకి ఏస్తాను.”