సర్కారు ఉప్పు

ఇన్నేళ్లుగా ఈ మాట నా గొంతులో ముల్లులా ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. ఈ రోజు మీకు చెబుతున్నాను. జాలిపడమని కాదు. నా మీద జాలి చూపేవాళ్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట.

మాది మక్తల్ దగ్గర పల్లె. కృష్ణ మీద పెద్ద డ్యాం కడుతున్న రోజులవి. బాలమ్మ నా తోడికోడలు, మరిది భార్య. నాకు గిట్టేది కాదు. పంపకాల్లో బాటపక్క చేను వాళ్లకు పోయింది, అదొక మంట. ఎరువు వేసి సజ్జ పండించి ఊరికి చూపించడానికి, కొత్త సేద్యం నేర్పమని సర్కారు పంపిన గ్రామసేవక్ ఆ చేనే ఎంచుకున్నాడు, అది ఇంకో మంట. గింజ లావుగా వస్తుందట, తిన్నవాళ్లకు బలమట. బాలమ్మ కూతురు పుట్టినప్పటినుంచీ బక్కది. ఆ మాట విని తల్లి మురిసిపోయింది. ఆ ఏడు వాళ్లకు వేరే పంట లేదు.

గ్రామసేవక్ వచ్చేసరికి ఒకరోజు ఆమె ఇంట్లో లేదు. యూరియా మొక్కకు జానెడు దూరంలో కొద్దికొద్దిగా చల్లాలని, మొదలు దగ్గర పోస్తే మాడుతుందని నాతో చెప్పి వెళ్లాడు. మేం దాన్ని సర్కారు ఉప్పు అనేవాళ్లం. సాయంత్రం బాలమ్మ అడిగింది.

"అక్కా, గాయన ఏమన్న చెప్పిండా?"

"మొక్క మొదట్లనే పిడికెడు పొయ్యమన్నడు."

"గంతనా? మాడిపోదా?"

"సదువుకున్నోనికి తెల్వనిది నీకు తెలుసా?"

చేనంతా మాడుతుందని నాకు తెలియదా? తెలియదనే నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. అబద్ధం. కొంచెమైనా మాడాలని, ఆమె మురిపెం అణగాలని కోరుకున్నాను. ఎంత మాడితే నా కడుపు చల్లబడుతుందో మాత్రం ఆలోచించలేదు.

సజ్జ ఎండిపోయింది. గ్రామసేవక్ బాలమ్మను నలుగురిలో తిట్టాడు. అక్కే చెప్పిందని ఆమె ఏడ్చింది. నేను చెప్పలేదన్నాను. పెద్దకోడలిని కదా, అందరూ నన్నే నమ్మారు. సర్కారు ఉప్పు భూమిని చంపుతుందని ఊరు దాన్ని ముట్టుకోవడమే మానేసింది. మరిది పెళ్లాంబిడ్డలతో డ్యాం పనికి రాళ్లు మోయడానికి పోయాడు. పిల్ల అక్కడే జ్వరంతో పోయిందని కబురొచ్చింది. వాళ్లు తిరిగి రాలేదు. బాటపక్క చేను మేమే దున్నుకున్నాం.

ఆ చావు నాదేనా? జ్వరం నేను తేలేదు. వాళ్లను ఊరు దాటించింది మాత్రం నేనే.

బాలమ్మ ఇప్పుడు ఎదురైనా నాకు గిట్టదు. కాళ్లు పట్టుకోను. కానీ ఇది బయటికి వచ్చాక గుండె కాస్త తేలికైంది, అందుకూ సిగ్గుగానే ఉంది. ఆ రోజు నలుగురిలో ఆమె అన్నది నిజం. అక్కే చెప్పింది.