మూడో వాయి

ఇథియోపియా పచ్చి కాఫీ గింజలు ఆరు వందల గ్రాములు తెప్పించాను. పండు ఒలవకుండా, గింజ లోపలుండగానే ఎండబెట్టిన రకం. పండు రుచి గింజకు పడుతుందట. ఆ రుచి ఒక్కసారైనా చూడాలని నా ఆశ. ఉదయగిరి ఇంట్లో గడియారం ముందు పెట్టుకుని, రెండు వందల చొప్పున రెండు వాయిలు మన ఫిల్టర్ కాఫీకి వేయించినట్టే నల్లగా వేయించాను. రెండూ నూట అరవై గ్రాములకు దిగాయి. రెండింట్లోనూ బొగ్గు రుచే. ఇక మిగిలింది ఒక్క వాయి.

అది మూకుట్లో పోస్తుంటే ఆత్మకూరు నుంచి అక్క వచ్చింది. ఏళ్ల తరబడి శనక్కాయలు వేయించి అమ్మిన మనిషి. చెక్క గరిటె లాక్కుని తనే కలపసాగింది. పదో నిమిషంలో గింజలు చిటపటమన్నాయి. ఆ చప్పుడు పలచబడగానే "దించరా" అంది.

"ఇంకా ఎర్రగానే ఉండాయి కదక్కా!"

"గడియారం చూసేది మాని చెవిబెట్టి ఇనరా. చిటపట ఆగినాక కూడా ఉంచితే శనక్కాయలైనా మాడి చస్తాయి."

దించి చేటలో చెరిగాం. పొట్టంతా ఎగిరిపోయింది. తూచాను. నూట డెబ్బై రెండు!

మర్నాడు పొడి కొట్టి, పాలు పోయకుండా రెండు గ్లాసులు కాచాను. మొదటి గుక్కలోనే నేరేడు పండు! పులుపు, తీపి, చివర కాస్త వగరు. కూర్చున్నవాణ్ణి లేచి నిలబడ్డాను.

అక్క గ్లాసు ఖాళీ చేసి, "ఇంకెన్ని గ్లాసులొస్తాయిరా?" అంది.

"గ్లాసుకు పదిహేను గ్రాములు. ఇంకా తొమ్మిది."

"అయితే ఎవురికీ చెప్పబాక."