పదిహేడో ప్రశ్న

1978 జూన్‌లో తిరుపతి శివార్లలోని ఒక మిషన్ ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడు టీచరుగా చేరాను. ఎయిడెడ్ బడి కాబట్టి జీతం ప్రభుత్వానిది, యాజమాన్యం సిస్టర్లది. మొదటి పీరియడ్‌లో కతోలిక పిల్లలు ఒక గదిలో జ్ఞానోపదేశం, అంటే వాళ్ళ మతపాఠం, చదివేవారు. మిగతావాళ్ళకు పక్క గదిలో నీతిపాఠం. నాకు నీతిపాఠమే ఇచ్చారు. నుదుట నామం పెట్టుకుని వచ్చేవాడికి ఇంకేమిస్తారు?

జనవరిలో జ్ఞానోపదేశం టీచరమ్మ కాన్పు సెలవు పెట్టింది. బదులు మనిషి దొరకలేదు. హెడ్‌మిస్ట్రెస్ సిస్టరుగారు నన్ను పిలిచి ఒక చిన్న పుస్తకం చేతిలో పెట్టారు. అందులో ముప్పై ప్రశ్నలు, ముప్పై జవాబులు. బోధించనక్కర్లేదు, వల్లె వేయిస్తే చాలన్నారు. మార్చిలో బిషప్పుగారి తరఫున ఒక ఫాదర్ వచ్చి నోటి పరీక్ష పెడతారు. తప్పినవాళ్ళకు ఆ ఏడు మొదటి సత్ప్రసాదం, అంటే చర్చిలో పిల్లలకు తొలిసారి పెట్టే పవిత్రమైన అప్పం, ఇవ్వరు. ఆ పండుగ ఆ ఇళ్ళలో ఎంత పెద్దదో మూడో తరగతి తెరేజ వాళ్ళమ్మ వచ్చేదాకా నాకు తెలియదు.

ఆమె సంచిలోంచి ఆ పండుగకు తొడిగే తెల్ల గౌను తీసి చూపించింది. "పోయినేడు కుట్టించింది అయివోరూ, నగరి నుంచి గుడ్డ తెప్పించి. పాప పరీక్ష తప్పె. ఇప్పుడు అంచు విప్పి పొడుగు చేసినా. ఈ ఏడూ తప్పితే ఇంక విప్పేదానికి అంచు ల్యా. మీరే ఎట్లన్నా గట్టెక్కించాల."

తెరేజ మొద్దు కాదు. జవాబులన్నీ వచ్చు, అడిగేసరికి నాలుక కదలదు, అంతే. నాకు వల్లె వేయించే పద్ధతి ఒక్కటే తెలుసు. మా నాయన పొద్దున్నే పూజలో కూర్చుని నాకు స్తోత్రాలు నేర్పిన బాణీ అది. పుస్తకంలో ఒక్క మాట మార్చకుండా ముప్పై జవాబులూ ఆ బాణీలో పెట్టాను. నెల తిరిగేసరికి పిల్లలు గడగడా అప్పజెప్పారు, అందరికంటే ముందు తెరేజ. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పరీక్ష రోజు ఫాదర్ పెన్సిలు పట్టుకుని కూర్చున్నారు. తెరేజ వంతు రాగానే తిన్నగా పదిహేడో ప్రశ్న అడిగారు: దేవుడు మన తలంపులను ఎరుగునా?

ఆ పిల్ల కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, ఒకటో జవాబు నుంచి ఎత్తుకుంది. నేర్పేటప్పుడు నడిమి నుంచి అడగడం నాకు తట్టనే లేదు. అలవాటు కొద్దీ వెనక పిల్లలు చరణం చివర్లో గొంతు కలిపారు. సిస్టరుగారి ముఖం ఎర్రబడింది. పదహారు జవాబులు పూర్తయ్యేదాకా ఫాదర్ ఆపలేదు. పదిహేడోది తప్పు లేకుండా చెప్పి తెరేజ కళ్ళు తెరిచింది.

ఈ బాణీ యాడిదమ్మా అని ఫాదర్ అడిగారు.

"మా అయివోరిది సామీ. వాళ్ళింట్లో దేవుడికి పొద్దన్నే ఇట్లే పాడతారంట."

నా చేయి నామం మీదికి పోయింది. ఫాదర్ నన్ను ఒకసారి చూసి, మళ్ళీ పిల్లవైపు తిరిగి, ఆ జవాబుకు అర్థమేమిటో చెప్పమన్నారు. ఈసారి తెరేజ తడుముకోలేదు.

"మొదట్నించి చెప్తేగానీ నాకు రాదని దేవుడికి తెలుసు సామీ. మీకే తెలీదు."

ఆయన పెన్సిలు కింద పెట్టి పడీపడీ నవ్వారు. సిస్టరుగారూ నవ్వారు. నేను మాత్రం ఆ పిల్ల పేరు పక్కన టిక్కు పడేదాకా ఊపిరి పీల్చుకోలేదు. పోతూ పోతూ ఆయన బడి తనిఖీ పుస్తకంలో రాసింది రెండే వాక్యాలు: "జవాబులు సరిగా ఉన్నవి. నడుమ నుండి కూడ నేర్పవలెను."

పండుగనాడు గౌను తెరేజకు మోకాళ్ళ దాకానే వచ్చింది, కానీ సరిపోయింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఎక్కాలైనా, పద్యాలైనా, నేను నడిమి నుంచే అడిగాను. జవాబు వచ్చిన ప్రతి బిడ్డనూ అర్థం కూడా అడిగాను. వల్లె వేయించడం నాకు ముందే వచ్చు. అడగడం మాత్రం ఆ ఫాదర్ దగ్గర, ఆ పిల్ల దగ్గర నేర్చుకున్నాను.