వెంకటదుర్గ తలనొప్పి

రావులపాలెం అరటి మార్కెట్‌లో గెలలు దింపేటప్పుడు వెంకటదుర్గ ఎవరితోనూ మాట్లాడదు. కొంగు నడుముకు బిగించి, గెలను ఒడుపుగా ఎత్తి, కాయ నలగకుండా ఎండుటాకుల మీద పెడుతుంది. వేలు తెగితే పసుపు అద్దుకుంటుంది. జ్వరమొస్తే చారన్నం తిని పనిలోకి వస్తుంది. ఒంట్లో బాగోలేదన్న మాట ఆమె నోట భర్త అచ్చిబాబు ఏనాడూ వినలేదు. అందుకే మొన్న వేసవిలో ఆమె గెల వదిలేసి, రెండు చేతులతో తల పట్టుకుని, “ఏవండీ, తల పగిలిపోతోందండీ” అనగానే అతను హడలిపోయాడు. “ఎండదెబ్బేలే, మజ్జిగ పట్టు” అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. “మా దుర్గ ఊరికే అనదండి” అంటూ అతను కారు మాట్లాడి రాజమండ్రి తీసుకెళ్లాడు. దారిలోనే ఆమెకు స్పృహ తప్పింది.

మెదడు వెనకభాగంలో రక్తనాళం బుడగలా ఉబ్బి చిట్లిందనీ, ఆ చోట అలా రావడం అరుదనీ, పుర్రె తెరిచి బుడగ మొదట్లో క్లిప్పు పెట్టాలనీ డాక్టరు చెప్పారు. “మాట పోవచ్చు, మనుషుల్ని గుర్తుపట్టకపోవచ్చు. చెయ్యకపోతే మనిషే దక్కదు.”

“చేసెయ్యండి సార్” అన్నాడు అచ్చిబాబు.

ఆమె కళ్లు తెరిచిన రోజు డాక్టరు అతన్ని మంచం ముందు నిలబెట్టి, “ఈయనెవరమ్మా?” అని అడిగారు. గుండు మీది కట్టు కిందనుంచి ఆమె చాలాసేపు చూసింది.

“మా ఆయనండి” అంది నెమ్మదిగా. “ఆ గడ్డం గీయించుకోమనండి.”

అచ్చిబాబు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, వరండాలోకి వెళ్లి ఏడ్చాడు. ఏడవడం అయ్యాక, దగ్గర్లో మంగలిషాపు ఎక్కడుందని వాచ్‌మన్‌ను అడిగాడు.