తమ్ముడు వదిలిపోయిన ఫోన్

మా తమ్ముడు ఇల్లు విడిచి పోయేటప్పుడు ఫోన్ తీసుకుపోలేదు. ఆ పొద్దున మిరప చేనుకు నీళ్లు కట్టకుండా నంద్యాల పోయి వచ్చినాడని, చర్చి ముందర అందరూ చూస్తుండగా నాయన వాణ్ణి చెంపమీద కొట్టినాడు. వాడేమీ చిన్నపిల్లోడు కాదు. ఇంటికొచ్చి ఫోన్ టీవీ పక్కన పెట్టి, బట్టలు సర్దుకోని పోయినాడు. నాయన ఆ ఫోన్‌ను ట్రంకుపెట్టెలో పడేసి, ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. నేను ఆళ్లగడ్డలో టీచర్‌ని. ఇదంతా అమ్మ చెబితేనే నాకు తెలిసింది.

చుట్టాలను అడిగినాం, వాని స్నేహితులను అడిగినాం. ఎవరికీ తెలియదు. నెలలు గడిచినాయి. అంతలో అమ్మకు కడుపులో గడ్డ ఉందని, ఆపరేషన్ చేయాలని నంద్యాల డాక్టరమ్మ చెప్పింది. అమ్మ మంచం మీద కూర్చొని, "వాని గొంతు ఇననిదే నేను ఆ బల్ల ఎక్కను" అంది. నేనెంత చెప్పినా ఇంకో మాట లేదు.

నాయన చేనికి పోయిన సమయం చూసి అమ్మే ట్రంకుపెట్టె తెరిచి, "దీంట్లో వాని జాడ ఏమన్నా తెలుస్తాదేమో చూడు" అని ఫోన్‌ను తువ్వాలలో చుట్టి నా సంచిలో పెట్టింది. మా ఊరు గోస్పాడు నుంచి ఆళ్లగడ్డ దాకా ఆ సంచి ఒడిలోనే పెట్టుకోని కూర్చున్నాను.

ఇంట్లో చార్జింగ్ పెడితే దాంట్లో చలనం లేదు. వైరుదే తప్పేమో అని పక్కింటి వైరు తెచ్చినాను. చార్జింగ్ పెట్టే చోట దుమ్ము గట్టిపడి ఉంటే గుండుసూదితో మెల్లగా తీసినాను. పవర్ బటన్, సౌండ్ తగ్గించే బటన్ కలిపి బొటనవేలు నొప్పి పెట్టేదాకా నొక్కి పట్టినాను. తెర నల్లగానే ఉంది, దాంట్లో నా ముఖమే కనపడుతోంది. మా ఆయన వచ్చి చూసి, గబుక్కున ప్లగ్ పీకినాడు. "వెనక చూసినావా? అప్పడం పొంగినట్ల పొంగింది" అన్నాడు.

మరుసటి రోజు సెలవు పెట్టి నంద్యాల పోయినాను. బస్టాండు దగ్గర ఒక రిపేరు అంగడి. అంగడాయన నడివయసు మనిషి. ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి, "ఇది ఎవరిది అమ్మా?" అన్నాడు.

"మా తమ్మునిది అన్నా."

"తమ్ముని పిలుచుకోని రాపో. ఒకరి ఫోన్ ఇంకొకరికి తెరిచి ఇస్తే నా మీదికి వస్తాది."

"వాడు యాడుండాడో తెలిస్తే నీ కాడికి ఎందుకొస్తానన్నా?"

ఆయన నా వైపు స్టూలు జరిపినాడు.

ఉబ్బిన బ్యాటరీ తీసి వేరేది వేసినాడు. బటన్ నొక్కితే ఏమీ లేదు. "బోర్డు పోయినట్టుంది, ఆశ పెట్టుకోవద్దు" అన్నాడు. ఆ మాట అంటుండగానే ఫోన్ ఆయన చేతిలో ఒకసారి అదిరింది. తెర మాత్రం నల్లగానే ఉంది. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకోని, "లేదు, పానముంది. తెర పోయింది, అంతే" అన్నాడు. పగిలిన పాత ఫోన్ల డబ్బాలో వెతికి, అట్లాంటిదే ఒకటి దొరికితే దాని తెర ఊడదీసి దీనికి తగిలించినాడు. బల్ల మీద రెండు ముక్కలుగా, పలచని పట్టీతో అతుక్కోని ఆ ఫోన్ వెలిగింది.

లాక్ లేదు. వాడు ఇంట్లో ఎవరి దగ్గరా ఏదీ దాచేవాడు కాదు.

నేను ముందు కాల్స్ చూడాల్సింది. వేలు తగిలి ఫోటోలు తెరుచుకున్నాయి. చాలావరకు నాయనవే. చేన్లో వంగి కలుపు తీస్తున్న నాయన, గట్టు మీద తలకింద చేయి పెట్టుకోని నిద్రపోతున్న నాయన. ఒక్కదాంట్లో కూడా నాయన ఇటు చూడటం లేదు. కాసేపు బయటికి పోయి నిలబడి వచ్చినాను.

చివరి కాల్స్ అన్నీ ఒకే నంబరుకు. 'బండల మేస్త్రీ' అని ఉంది. నా ఫోన్ నుంచి చేసినాను. బేతంచెర్లలో బండల ఫ్యాక్టరీ అంట. వెనక రాయి కోసే మిషన్ మోత. తమ్ముని పేరు చెబితే మేస్త్రీ వాణ్ణి కేకేసినాడు. మోత దూరమయింది.

"అక్కా."

"యాడికి పోయినావురా?"

"ఈడనే ఉండా. నాయన ఫోన్ చేయమన్నాడా?"

"లేదు. అమ్మకు ఆపరేషన్."

ఎప్పుడు, యాడ అని అడిగి తెలుసుకున్నాడు. "వస్తా. ఇంటికి మాత్రం రాను" అన్నాడు.

ఆపరేషన్ రోజు ఆసుపత్రికి వచ్చినాడు, జుట్టు నిండా తెల్లటి రాతిపొడి. అమ్మ వాని చేయి వదలలేదు. నాయన వరండా ఆ చివర బల్ల మీద కూర్చున్నాడు. నాయనా వాడూ ఒకరినొకరు చూసుకున్నారు కానీ మాట్లాడుకోలేదు. అమ్మ బాగుందని తెలిసినాక వాడు సాయంత్రం బస్సుకు వెళ్లిపోయినాడు.

తర్వాత ఒకరోజు ఆ ఫోటోలు నాయనకు చూపించినాను. ఒక్కొక్కటీ చూసినాడు. "నాకు తెలీకుండా ఎప్పుడు తీసినాడో" అన్నాడు. ఫోన్ నా చేతికిచ్చి చేనికి పోయినాడు. వాణ్ణి ఇంటికి పిలుస్తాడేమో అని చూసినాను. ఇంకా పిలవలేదు. ఆదివారాల్లో వాడు అమ్మకు ఫోన్ చేస్తాడు. ఆమె మాట్లాడుతున్నంతసేపు నాయన గడప దగ్గరే నిలబడి ఉంటాడంట. ఇవ్వమంటావా అని అమ్మ చేయి చాపితే తల అడ్డంగా ఊపుతాడంట.